ఆర్గానిక్‌లో సి వచ్చింది, డెంటల్ స్కూల్ ఆశ వదులుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను అమెరికాలో బ్యాచిలర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మేజర్ బయాలజీ. డెంటిస్ట్ కావాలని కోరిక. మొదటి ఏడాది బాగానే గడిచింది కానీ మొన్న అయిన సెమిస్టర్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి భాగంలో సి వచ్చింది. జీపీఏ నాలుగుకు 3.4కి పడిపోయింది. ఇంకో సమస్య కూడా ఉంది. హైస్కూల్ పదకొండో గ్రేడులో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద కమ్యూనిటీ కాలేజీలో రెండు కోర్సులు చేశాను. ఒకదాంట్లో ఏ వచ్చింది, స్టాటిస్టిక్స్‌లో డి వచ్చింది. ఆ కాలేజీ పేరు అప్లికేషన్‌లో రాయకపోతే ఎవరికీ తెలియదని ఫ్రెండ్స్ అంటున్నారు. నాన్నేమో ఈ వేసవిలోనే డెంటల్ అడ్మిషన్ టెస్ట్ (డీఏటీ) రాసి అప్లై చేసెయ్యి, డిగ్రీ పూర్తికాకుండానే మూడేళ్లకే చేరిపోవచ్చు అంటున్నారు. డెంటిస్టు పక్కన ఉండి ఆ పని చూసే షాడోయింగ్ ఇంకా మొదలుపెట్టలేదు. అసలు డెంటల్ స్కూల్ వాళ్లు ఏమేం చూస్తారు? నాకు సీటు వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది. (పేరు రాయొద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం:

నువ్వు నా మేనకోడలి ఈడుదానివి. అందుకని ‘మీరు’ అనకుండా చనువుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నువ్వు అడిగిన వాటికన్నా, చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. షాడోయింగ్ ఇంకా మొదలుపెట్టలేదన్నావు. దాని దగ్గరకు తప్పకుండా వస్తాను. ముందు కమ్యూనిటీ కాలేజీ సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే మిగతావన్నీ మెల్లగా సరిచేసుకోవచ్చు, ఇందులో తప్పటడుగు వేస్తే సరిచేసుకోవడానికి ఉండదు.

దాచొద్దు. అమెరికాలో చాలా డెంటల్ స్కూళ్లకు ఆడ్‌సాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ ద్వారానే వెళ్లాలి. దాన్ని అమెరికన్ డెంటల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ (ఏడీఈఏ) నడుపుతుంది. కాలేజీ క్రెడిట్ వచ్చిన ప్రతి చోటు నుంచీ అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్ల పత్రం) తెప్పించాలని అందులో స్పష్టంగా ఉంటుంది. హైస్కూల్లో ఉండగా చేసిన కోర్సులకూ అదే నియమం. ఇచ్చిన వివరాలన్నీ నిజమని చివర్లో ధ్రువీకరించేది నువ్వే. పైగా విద్యార్థులు ఎక్కడెక్కడ చదివారన్న వివరాలను ఇక్కడి కాలేజీలు నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్‌కు పంపుతుంటాయి. ‘ఎవరికీ తెలియదు’ అన్న మాట నమ్మి కూర్చుంటే, సీటు వచ్చాక బయటపడి ఆ సీటు పోయే ప్రమాదం ఉంది. ఆ డి నీకు పదహారేళ్లప్పుడు వచ్చింది. పదహారేళ్ల పిల్లకు స్టాటిస్టిక్స్ కష్టమైందంటే ఏ అడ్మిషన్ కమిటీ అయినా అర్థం చేసుకుంటుంది. ఇరవై ఏళ్ల అమ్మాయి దాన్ని దాచిపెట్టిందంటే అర్థం చేసుకోదు. రేపు చికిత్సలో తన చేతుల్లో పొరపాటు జరిగితే పేషెంటు ముందు నిలబడి చెప్పాల్సింది ఆ అమ్మాయే కదా.

ఆ డి వల్ల నిజంగా ఎంత నష్టమో కూర్చుని లెక్క వేశాను. కోర్సుకు 3 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 15 క్రెడిట్లు అనుకుందాం. ఇప్పటికి మూడు సెమిస్టర్లు, 45 క్రెడిట్లు, 3.4 జీపీఏ. మూడో సంవత్సరం అయ్యేలోపు ఇంకో మూడు సెమిస్టర్లున్నాయి. వాటిలో 3.8 తెచ్చుకుంటే 90 క్రెడిట్లకు 3.6 అవుతుంది. కమ్యూనిటీ కాలేజీ ఏ, డి రెండూ కలిపితే 3.53. నువ్వు నిద్ర మానుకుని భయపడుతున్నది ఆ కాస్త తేడా గురించి. డెంటల్ స్కూళ్లలో చేరుతున్నవాళ్ల సగటు జీపీఏ ఈ మధ్య ఏళ్లలో 3.6 దగ్గర ఉంటోంది. సగటు అంటేనే దానికి కింద ఉన్నవాళ్లకూ సీట్లు వచ్చాయని కదా. ఇప్పుడు నాన్నగారి లెక్క చూద్దాం. ఈ జూన్‌లోనే అప్లై చేస్తే నీ చేతిలో నాలుగు సెమిస్టర్లే ఉంటాయి. ఈ ఒక్క సెమిస్టర్‌లో 3.8 తెచ్చుకున్నా, అన్నీ కలిపితే 3.41. మనిషివి నువ్వే, తెలివీ అదే. ఒక్క ఏడాది ఆగితే ఫైలు మారిపోతుంది.

ఆర్గానిక్‌లో సి గురించి. చాలా స్కూళ్లు తప్పనిసరి కోర్సుల్లో కనీసం సి అడుగుతాయి. సి మైనస్ వచ్చుంటే ఆ కోర్సు లెక్కలోకి రాక మళ్లీ చేయాల్సి వచ్చేది. కొన్ని స్కూళ్లు ఇంకాస్త పై గ్రేడు అడుగుతాయి కాబట్టి నువ్వు అనుకుంటున్న స్కూళ్ల నియమాలు విడివిడిగా చూసుకో. అవి అడగకపోతే ఆ కోర్సు మళ్లీ చేయమని నేను చెప్పను. మీ యూనివర్సిటీ పాత గ్రేడు తీసేసి కొత్తది పెట్టినా ఆడ్‌సాస్ అలా చేయదు, రెండు గ్రేడ్లూ కలిపే లెక్కిస్తుంది. ఆ సమయం, ఆ ఓపిక ఇప్పుడు మొదలయ్యే ఆర్గానిక్ రెండో భాగం మీద పెట్టు. దాంట్లో బి ప్లస్సో, ఏనో వచ్చి, మూడో ఏడాది బయోకెమిస్ట్రీలో కూడా నిలబడితే, ఆ సి పక్కన దానికి జవాబు కూడా కనిపిస్తుంది. కమిటీలో కూర్చునేవాళ్లు ట్రాన్‌స్క్రిప్ట్‌ను సెమిస్టర్ వారీగా చదువుతారు. ఎక్కడ పడింది, ఆ తర్వాత ఏం చేసింది అని చూస్తారు. ఆర్గానిక్‌లో ఎందుకు పడిపోయావో నువ్వు రాయలేదు. రియాక్షన్లు బట్టీ పట్టి ఉంటావని నా అనుమానం. చాలామంది అక్కడే దెబ్బతింటారు. ఎలక్ట్రాన్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో బాణాలు గీసుకుంటూ చదివితే రెండో భాగం మొదటిదానికన్నా తేలిగ్గా ఉంటుంది.

తప్పనిసరి కోర్సులు స్కూలుకూ స్కూలుకూ కొద్దిగా మారుతాయి. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్స్ ల్యాబ్‌తో సహా రెండేసి సెమిస్టర్లు, అంటే ఒక్కోటి 8 క్రెడిట్లు అడగడం మామూలు. బయోకెమిస్ట్రీ ఇప్పుడు చాలాచోట్ల తప్పనిసరి. ఇంగ్లిష్ అడుగుతారు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ కొన్ని స్కూళ్లు అడుగుతాయి, మిగతావి చేస్తే మంచిదంటాయి. నన్నడిగితే మైక్రోబయాలజీ, ఫిజియాలజీ చేసే వెళ్లు. డెంటల్ స్కూల్ మొదటి ఏడాదిలో ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి, అప్పుడు కనీసం ఆ పేర్లయినా కొత్తగా ఉండవు. స్టాటిస్టిక్స్ కూడా కొన్ని స్కూళ్ల జాబితాలో ఉంటుంది. అక్కడ నీ డి పనికిరాదు. అలాంటి స్కూలు మీద నీకు ఆశ ఉంటే ఆ ఒక్క కోర్సూ మీ యూనివర్సిటీలో మళ్లీ చెయ్యి. హైస్కూల్ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్రెడిట్లతో బయాలజీ, కెమిస్ట్రీ మొదటి కోర్సులు దాటేసి ఉంటే జాగ్రత్త. వాటిని ఒప్పుకోని స్కూళ్లున్నాయి, ఒప్పుకున్నా దానిపైన ఇంకో కోర్సు చేసి చూపించమనేవీ ఉన్నాయి. ఇలాంటి వివరాల కోసం పాత పోస్టులూ, వాళ్లవీ వీళ్లవీ మాటలూ నమ్మకుండా ఏడీఈఏ వాళ్ల డెంటల్ స్కూల్ ఎక్స్‌ప్లోరర్‌లోనూ, ఆయా స్కూళ్ల వెబ్‌సైట్లలోనూ చూసుకో. నియమాలు ఏటా మారుతుంటాయి.

నాన్నగారు చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. డిగ్రీ లేకుండా 90 క్రెడిట్లతో తీసుకునే స్కూళ్లు నిజంగానే ఉన్నాయి. కానీ చేరేవాళ్లలో అత్యధికులు బ్యాచిలర్స్ పూర్తి చేసినవాళ్లే. మూడేళ్లకే చేరాలనుకునేవాళ్ల ఫైలు మిగతావాళ్లకన్నా బలంగా ఉండాలి, నీది ఇంకా తయారవుతోంది. మన పెద్దవాళ్లకు ఇంకో పోలిక మనసులో ఉంటుంది. ఇండియాలో ఇంటర్ అయ్యాక నీట్ రాసి నేరుగా బీడీఎస్‌లో చేరిపోతారు కదా, ఇక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ ఎందుకు వృథా అని. ఇక్కడ ఒక్క పరీక్ష ర్యాంకుతో సీటు తేలదు. నాలుగేళ్లలో నువ్వేం చదివావు, ఎలా పడి లేచావు, ఎవరికి ఏం చేశావు, ఈ వృత్తిని ఎంత దగ్గరగా చూశావు అన్నవన్నీ కలిపి తూకం వేస్తారు. ఆ నాలుగేళ్లూ పరీక్షలో భాగమే. ఈ మాట నాన్నగారితో నెమ్మదిగా చెప్పు. ఆయన తొందర నీ మీద ప్రేమతోనే అని నాకు తెలుసు.

ఇక డీఏటీ. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పెట్టే పరీక్ష ఇది, ప్రోమెట్రిక్ సెంటర్లలో కంప్యూటర్ మీద రాయాలి. మొదటి భాగం సైన్సు. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు: బయాలజీ 40, జనరల్ కెమిస్ట్రీ 30, ఆర్గానిక్ 30. తర్వాత పర్సెప్చువల్ ఎబిలిటీ, అందరూ పీఏటీ అంటారు, గంటలో 90 ప్రశ్నలు. ఆ తర్వాత రీడింగ్ 50 ప్రశ్నలకు గంట, లెక్కలు 40 ప్రశ్నలకు 45 నిమిషాలు. ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ ఇందులో ఉండవు. సైన్సులో దాదాపు మూడో వంతు ఆర్గానిక్కే కాబట్టి రెండో భాగం గట్టిగా చదివాక రాయడమే నీకు మేలు. లెక్కల్లో స్టాటిస్టిక్స్, ప్రాబబిలిటీ కూడా వస్తాయి. అక్కడ మంచి స్కోరు తెచ్చుకో. పదహారేళ్లప్పటి డి గురించి ఇంక ఎవరూ ఎక్కువ అడగరు.

స్కోరు విషయంలో గందరగోళం ఒకటుంది. 2025 మార్చి నుంచి డీఏటీ స్కోర్లు 200 నుంచి 600 మధ్య ఇస్తున్నారు. అంతకుముందు 1 నుంచి 30 వరకు ఉండేది. కాబట్టి ‘20 వస్తే గట్టెక్కుతావు, 22 వస్తే తిరుగులేదు’ అని సీనియర్లు చెప్పే అంకెలు పాత స్కేలువి. వాటిని ఇప్పటి స్కోరుతో పోల్చుకుని బెంబేలు పడకు. ఒకసారి రాసి చూద్దాం, బాగా రాకపోతే మళ్లీ రాద్దాం అన్న ఆలోచన కూడా వద్దు. మళ్లీ రాసినా పాత స్కోర్లు కూడా స్కూళ్లకు కనిపిస్తాయి. ఈ వేసవిలో సెలవులన్నీ దీనికే పెట్టి, ప్రాక్టీసు పరీక్షల్లో స్థిరంగా మంచి మార్కులు వస్తుంటే ఆగస్టులో రాయి. రాకపోతే డిసెంబరు, జనవరి సెలవుల్లో రాయి. అప్లై చేసేది ఎలాగూ వచ్చే ఏడాది జూన్‌లో కాబట్టి రెండు తేదీలూ నీకు సరిపోతాయి.

పీఏటీని చాలామంది వింతగా చూస్తారు. మడిచిన కాగితానికి చిల్లు పెట్టి, విప్పితే చిల్లులు ఎక్కడ ఉంటాయో చెప్పమంటారు. పేర్చిన ఘనాలకు రంగు వేస్తే ఎన్నిటికి రెండు ముఖాలు రంగుతో ఉంటాయో లెక్కపెట్టమంటారు. నాలుగు కోణాల్లో చిన్నదేదో, పెద్దదేదో వరుస చెప్పమంటారు. ఒక వస్తువు ఏ రంధ్రంలో పడుతుందో, పైనుంచీ ముందునుంచీ చూస్తే పక్కనుంచి ఎలా కనిపిస్తుందో, పరిచిన అట్టను మడిస్తే ఏ ఆకారం వస్తుందో అడుగుతారు. డెంటిస్టుకు ఇవన్నీ ఎందుకు అనిపిస్తుంది. పై దవడ వెనక పన్నుకు లోపలి వైపు నేను పని చేసేటప్పుడు ఆ పన్ను నాకు నేరుగా కనిపించదు. చిన్న అద్దంలో తలకిందులుగా కనిపించేదాన్ని చూస్తూ డ్రిల్ నడపాలి. కుడి ఎడమలు మారిపోతాయి, లోతు అంచనా వేసుకోవాలి, ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే నరం దాకా పోతుంది. పీఏటీ కొలవాలని చూసేది ఆ చూపునే. పుట్టుకతో రాకపోయినా సాధనతో వస్తుంది. మొదట్లో తెరమీద ప్రశ్నలు చూసే ముందు నిజంగా కాగితాలు మడిచి, చిల్లులు పెట్టి, విప్పి చూడు. పాచికలు పేర్చి లెక్కపెట్టు. రోజుకు అరగంట చాలు, రోజూ చెయ్యాలి.

ఇప్పుడు షాడోయింగ్. దీని గురించి నేను కాస్త ఎక్కువే రాస్తాను, ఓపికగా చదువు.

స్కూళ్లు కనీసం ఇన్ని గంటలని అడగడం, లేదా ఇన్ని ఉంటే మంచిదని చెప్పడం ఉంది. 50 అనేవి ఉన్నాయి, 100 అనేవి ఉన్నాయి. నువ్వు 100 అనుకుని మొదలుపెట్టు. అందులో ఎక్కువ భాగం జనరల్ డెంటిస్ట్ దగ్గర ఉండాలి. తర్వాత వీలైతే ఆర్థోడాంటిస్ట్, ఓరల్ సర్జన్, పిల్లల డెంటిస్ట్ దగ్గర కొన్ని రోజులు. కానీ అంకె కోసం వెళ్లొద్దు. ఈ పని నీకు సరిపడుతుందో లేదో నీకు తెలియడానికి వెళ్లు.

కొన్నేళ్ల కిందట మా క్లినిక్‌కు ఒక అబ్బాయి షాడోయింగ్‌కు వచ్చాడు. మంచి గ్రేడ్లు, మంచి డీఏటీ స్కోరు, అప్లికేషన్ దాదాపు సిద్ధం. షాడోయింగ్ గంటలు మాత్రం తక్కువ పడ్డాయి, వాటికోసం వచ్చాడు. మొదటి రోజు ఉత్సాహంగా ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం, వరసగా ఐదో ఫిల్లింగ్ అవుతుండగా నన్ను మెల్లగా అడిగాడు, ‘రోజూ ఇంతేనా డాక్టర్?’ అని. ఇంతే అన్నాను. మెడ వంచి, లాలాజలం, రక్తం మధ్య, భయంతో బిగుసుకుపోయిన మనిషి నోట్లో, రెండు వేళ్లు పట్టే చోట పని. రోజుకు ఎనిమిది గంటలు. నాకు ఆ పని ఇష్టం. పన్ను నొప్పితో రాత్రంతా నిద్రపోని మనిషి నా కుర్చీలో నుంచి లేచి ‘నొప్పి పోయింది’ అన్నప్పుడు కలిగే సంతోషం ఇన్నేళ్లయినా తగ్గలేదు. ఆ అబ్బాయికి ఆ సంతోషం ముట్టలేదు. రెండు వారాల తర్వాత నిజాయితీగా ఆలోచించుకుని ఫార్మసీ వైపు వెళ్లాడు. బాగున్నాడు. కానీ ఆ రెండు వారాలు అతను రెండేళ్ల ముందు గడిపి ఉంటే ఎంత శ్రమ తప్పేది! ఆర్గానిక్‌లో వచ్చిన సి కన్నా నువ్వు ఇంకా ఏ క్లినిక్‌లోనూ నిలబడలేదన్న సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టడానికి కారణం ఇదే. తెలియని పని కోసం ఇంత టెన్షన్ పడుతున్నావు.

ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. ఈమెయిళ్లు పంపి కూర్చోవద్దు, క్లినిక్‌లలో వాటిని చదివే తీరిక ఉండదు. ఫోన్ చేసి ఆఫీస్ మేనేజర్‌ను అడుగు. ‘నేను ప్రీడెంటల్ స్టూడెంట్‌ని, మీ డాక్టర్ గారి దగ్గర కొన్ని రోజులు షాడో చేయవచ్చా?’ అంటే చాలు. పదిమందిని అడిగితే ఒకరిద్దరు ఒప్పుకుంటారు, కాదన్నవాళ్ల మీద మనసులో ఏమీ పెట్టుకోకు. నువ్వు చిన్నప్పటి నుంచి వెళ్తున్న డెంటిస్టుతోనే మొదలుపెట్టొచ్చు. అక్కడ చూసిన పేషెంట్ల వివరాలు ఎవరితోనూ చెప్పకూడదు, ఫొటోలు తీయకూడదు. ఇది చట్టం. రోజూ తేదీ, గంటలు, డాక్టర్ పేరు రాసిపెట్టుకో, అప్లికేషన్‌లో అడుగుతారు. దానితో పాటు ఆ రోజు చూసినవాటిలో ఒక్కదాని గురించి నాలుగు వాక్యాలు రాసుకో. నోరు తెరవనని మొండికేసిన పిల్లాడిని అసిస్టెంట్ ఎలా ఒప్పించింది, రూట్ కెనాల్ డబ్బు లేక పన్ను తీయించేసుకుంటానన్న పెద్దాయనకు డాక్టర్ ఏం చెప్పారు, అలాంటివి. డాక్టర్ చేతులు మాత్రమే చూడొద్దు, అసిస్టెంట్, హైజీనిస్ట్, రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ ఏం చేస్తున్నారో కూడా చూడు. క్లినిక్ అంటే నలుగురూ కలిసి చేసే పని. వేసవిలో డెంటల్ అసిస్టెంట్‌గా ఉద్యోగం దొరికితే వదులుకోవద్దు, చూడటం కన్నా చేయడంలో ఎక్కువ తెలుస్తుంది.

చేతి నేర్పు గురించి కూడా కొన్ని స్కూళ్లు అడుగుతాయి. కుట్లు, అల్లికలు, వీణో వయొలినో, బొమ్మలు గీయడం, మట్టితో చేసేవి, నువ్వు నిజంగా చేసేదేదైనా రాయొచ్చు. అప్లికేషన్ కోసం కొత్తగా ఏదో మొదలుపెట్టాల్సిన పనిలేదు.

సిఫార్సు లెటర్ల సంగతి. ఆడ్‌సాస్‌లో నాలుగు వరకు పెట్టుకోవచ్చు. ఇద్దరు సైన్స్ ప్రొఫెసర్లు, ఒక డెంటిస్ట్ అన్నది చాలాచోట్ల అడిగేది. మీ యూనివర్సిటీలో వైద్య చదువులకు వెళ్లేవాళ్ల కోసం ప్రీహెల్త్ కమిటీ ఉంటే వాళ్ల లెటర్ గురించి ఇప్పుడే కనుక్కో, దానికి గడువులు వేరే ఉంటాయి. మూడొందల మంది క్లాసులో ఏ తెచ్చుకున్నంత మాత్రాన ప్రొఫెసర్‌కు నువ్వెవరో తెలియదు. ‘ఈమెకు ఏ వచ్చింది’ అని రాసిన లెటర్ వల్ల ట్రాన్‌స్క్రిప్ట్‌లో లేనిదేదీ తెలియదు. ఆర్గానిక్ రెండో భాగం ప్రొఫెసర్ దగ్గరకు మొదటి వారం నుంచే ఆఫీస్ అవర్స్‌లో వెళ్లు. మొదటి భాగంలో సి వచ్చిందని, ఎక్కడ తప్పుతున్నావో తెలుసుకోవాలని ఉందని నేరుగా చెప్పు. సెమిస్టర్ అంతా నిన్ను చూసిన ఆ ప్రొఫెసర్ ‘సి నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందో నేను కళ్లారా చూశాను’ అని రాస్తే, నాలుగింట్లో బలమైన లెటర్ అదే కావచ్చు.

పర్సనల్ స్టేట్‌మెంట్‌కు ఖాళీలతో కలిపి 4,500 అక్షరాలే ఇస్తారు. బ్రేసెస్ వేయించుకున్నాక నా నవ్వు మారింది, అందుకే డెంటిస్ట్ కావాలనుకున్నాను అని వేలమంది రాస్తారు. నిజమే అయినా అది పేషెంటుగా నీ అనుభవం. షాడోయింగ్‌లో రాసుకున్న నాలుగేసి వాక్యాలు ఇక్కడ పనికొస్తాయి.

తేదీల విషయంలో నా సొంత అనుభవం చెప్పాలి. నేను మొదటిసారి అప్లై చేసినప్పుడు గడువు ఇంకా ఉంది కదా అని అక్టోబరు చివర్లో పంపాను. ఒక లెటర్ నవంబరు దాకా రాలేదు. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. ఇంట్లో అందరం మార్కులు చాలలేదనుకున్నాం. అమ్మ నాతో మాట్లాడేటప్పుడు డెంటల్ అన్న మాట రాకుండా జాగ్రత్తపడేది. జనవరిలో ధైర్యం చేసి ఒక స్కూలు అడ్మిషన్స్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, నా ఫైలు పూర్తయ్యేసరికే ఇంటర్వ్యూల పిలుపులు చాలావరకు వెళ్లిపోయాయని చెప్పారు. ఆ ఏడాది డెంటల్ అసిస్టెంట్‌గా పనిచేసి, తర్వాతి జూన్ మొదట్లోనే అప్లికేషన్ పంపాను. జీపీఏ అదే, డీఏటీ స్కోరూ అదే. నాలుగు స్కూళ్లు ఇంటర్వ్యూకు పిలిచాయి. చాలా స్కూళ్లు వచ్చిన ఫైళ్లను వచ్చినట్టే చూస్తూ సీట్లు నింపుకుంటూ పోతాయి. ఆడ్‌సాస్ మే నెలలో తెరుస్తారు, జూన్ మొదట్లో పంపడానికి వీలవుతుంది. ట్రాన్‌స్క్రిప్టులు సరిచూడటానికి వాళ్లకు వారాలు పడుతుంది. కాబట్టి వచ్చే ఏడాది ఏప్రిల్‌కల్లా లెటర్లు అడిగేసి ఉండాలి, మేలో స్టేట్‌మెంట్ చివరి ప్రతి సిద్ధంగా ఉండాలి. టెక్సస్‌లో ప్రభుత్వ డెంటల్ స్కూళ్లకు టీఎండీఎస్‌ఏఎస్ అనే వేరే అప్లికేషన్ ఉంటుంది. స్కూళ్ల జాబితా రాసుకునేటప్పుడు ఒకచోట డీడీఎస్ అనీ, ఇంకోచోట డీఎండీ అనీ కనిపిస్తుంది. రెండూ ఒకే డిగ్రీ, పేరే తేడా.

ఇంటర్వ్యూల గురించి ఇప్పటి నుంచే కంగారు వద్దు. కొన్నిచోట్ల కూర్చోబెట్టి మాట్లాడతారు, కొన్నిచోట్ల గది తర్వాత గది తిప్పి ఒక్కో సందర్భం ఇచ్చి నువ్వయితే ఏం చేస్తావని అడుగుతారు. క్లినిక్‌లో గడిపినవాళ్లకు చెప్పడానికి మాటలుంటాయి.

నీ వీసా ఏమిటో నువ్వు రాయలేదు. సిటిజన్ లేదా గ్రీన్‌కార్డు ఉంటే ఈ పేరా దాటేసి వెళ్లు. అమ్మానాన్నల హెచ్1బి మీద హెచ్4లో ఉంటే 21 ఏళ్లు నిండగానే ఆ హోదా పోతుంది, ముందుగానే ఎఫ్1 లాంటి ఏర్పాటు చూసుకోవాలి. ఎఫ్1 మీద ఉన్నవాళ్లను తీసుకోని ప్రభుత్వ స్కూళ్లు ఉన్నాయి, ఫెడరల్ లోన్లు కూడా వాళ్లకు రావు. మన పిల్లలు చాలామంది ఈ సంగతి అప్లై చేసే ఏడాది దాకా కనుక్కోరు. నాలుగేళ్ల కష్టం అక్కడ ఆగిపోవడం నేను చూశాను, చూసి చాలా బాధపడ్డాను. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఈ ఏడాదే మాట్లాడండి.

డబ్బు గురించి అమ్మానాన్నలతో కలిసి కూర్చుని మాట్లాడాలి. అప్పు చేసి డెంటల్ స్కూల్ పూర్తిచేసినవాళ్ల సగటు అప్పు 3 లక్షల డాలర్ల దగ్గర ఉంది. పైగా లోన్ల నియమాలు మారాయి. 2026 జులై నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ లేదు. ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000, మొత్తం మీద 2 లక్షల డాలర్లకు మించి రాదు. మిగతాది ఇంటినుంచో, ప్రైవేటు లోనో చూసుకోవాలి. అందుకే మీ రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ స్కూల్ ఉంటే జాబితాలో దాన్ని మొదట రాయి. ఫీజు తగ్గుతుంది, సొంత రాష్ట్రం పిల్లలకు ప్రాధాన్యం కూడా ఉంటుంది. డాక్టర్లు తక్కువగా ఉన్న ప్రాంతాల్లో కొన్నేళ్లు పనిచేస్తామంటే చదువు ఖర్చు భరించే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ స్కాలర్‌షిప్ ఉంది, అది సిటిజన్లకే. పేరు గొప్పదని మాత్రమే ఖరీదైన ప్రైవేటు స్కూలుకు వెళ్లడం నాకు నచ్చదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కిందున్న కోడా గుర్తింపు ఇచ్చిన ఏ స్కూలులో చదివినా రాసేది ఒకే నేషనల్ బోర్డు పరీక్ష. నా కుర్చీలో కూర్చున్న పేషెంటు నేనెక్కడ చదివానని అడిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సీటు వస్తుందా అన్నావు. ఏటా అప్లై చేసేవాళ్లలో కాస్త అటూ ఇటూగా సగం మందికి వస్తోంది. ఈ జూన్‌లో, 3.41తో, షాడోయింగ్ లేకుండా అప్లై చేస్తే ఆ సగంలో ఉండటం కష్టం. వచ్చే ఏడాది జూన్‌లో, పైన చెప్పినవి నువ్వు చేయగలిగితే, ఇంటర్వ్యూలు రావడానికి తగిన ఫైలు నీ చేతిలో ఉంటుంది. అప్పటికీ రాకపోతే మళ్లీ అప్లై చేయొచ్చు, నేనూ రెండోసారికే చేరాను.

ఈ వారంలో రెండు పనులు చెయ్యి. ఆ కమ్యూనిటీ కాలేజీ నుంచి నీ ట్రాన్‌స్క్రిప్ట్ కాపీ తెప్పించుకుని, కోర్సుల పేర్లు, క్రెడిట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక పది డెంటల్ క్లినిక్‌ల నంబర్లు కాగితం మీద రాసుకుని, మొదటిదానికి ఫోన్ చెయ్యి. సాయంత్రం చెయ్యకు, వాళ్లు అలసిపోయి ఉంటారు. భోజనాల వేళ దాటాక, ఒంటిగంటన్నర, రెండు మధ్య చేస్తే ఆఫీస్ మేనేజర్ దొరుకుతారు. మొదటి వారం షాడోయింగ్ అయ్యాక అక్కడ ఏం చూశావో, నీకేమనిపించిందో నాకు మళ్లీ రాయి. స్కూళ్ల జాబితా గురించి అప్పుడు మాట్లాడుకుందాం.